సాక్షి ప్రమాణం సరే, సర్కారు ప్రమాణం ఏది?

కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నేను సెషన్సు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. సాక్షుల చేత ప్రమాణం చేయించడం నా పనుల్లో ఒకటిగా ఉండేది. సినిమాల్లో చూపించే ఎర్రగుడ్డ చుట్టిన భగవద్గీత మా కోర్టు హాల్లో ఎన్నడూ లేదు. గంగాజలం పట్టించి, ఖురాన్ మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయించే పద్ధతిని కంపెనీ ప్రభుత్వమే 1840లో ఎత్తేసింది. ఇప్పుడున్న 1969 నాటి ప్రమాణాల చట్టంలో మిగిలిందల్లా ఒక్క వాక్యం: చెప్పబోయేది నిజమనీ, పూర్తి నిజమనీ, నిజం తప్ప ఇంకోటి కాదనీ. దైవసాక్షిగా అనేవాళ్లు అలా అంటారు, అది ఇష్టం లేనివాళ్లు ఆత్మసాక్షిగా అంటారు.

ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే. దాన్ని తీసెయ్యమని అడగను. దానికి జతగా ఇంకో వాక్యం కావాలని అడుగుతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక సాక్షి రోజు ఎలా గడుస్తుందో మీకు చెప్పాలి.

పదిన్నరకల్లా హాజరు కమ్మని సమన్లలో ఉంటుంది. పల్లె నుంచి రావాలంటే తొలి బస్సు ఎక్కాలి. బెయిలు మీద ఉన్న ముద్దాయీ అదే బస్సులో ఉంటాడు, అతని తరఫు మనుషులూ ఉంటారు. ఊరికి ఉన్నది ఆ ఒక్క బస్సే మరి. కోర్టు వరండాలో బెంచీ అందరికీ ఒకటే, బయట టీ కొట్టూ ఒకటే. బెదిరింపు అనగానే చాలామంది అరుపులు, కత్తులు ఊహించుకుంటారు. నేను చూసినవి చాలా మర్యాదగా ఉండేవి. ముద్దాయి బావమరిది వచ్చి పక్కన కూర్చుంటాడు. “ఏం బాబాయ్, టీ తాగుదువు గానీ రా” అంటాడు. గ్లాసు చేతికిచ్చి, “చెల్లాయికి సంబంధం కుదిరిందటగా, మంచి కుటుంబం” అంటాడు. అంతే. ఆ మాటలో పట్టుకుని కేసు పెట్టడానికి ఏమీ ఉండదు.

మధ్యాహ్నానికి కేసు పిలుస్తారు. డఫేదారు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు కేకేస్తాడు. సీనియర్ వకీలు హైకోర్టుకు వెళ్లారని జూనియర్ కాగితం పెడతాడు. వాయిదా! సాక్షి వచ్చి ఉన్నప్పుడు ప్రత్యేక కారణం లేకుండా వాయిదా వెయ్యకూడదని చట్టంలోనే రాసి ఉంది. ప్రత్యేక కారణాలకు మా దగ్గర ఎప్పుడూ కరువు రాలేదు. సాక్షి బత్తా కోసం వోచరు మీద వేలిముద్ర వేస్తాడు. ఆ బత్తా పోగొట్టుకున్న కూలికి సరిపోదు, అదీ ఒక్కోసారి వచ్చే వాయిదాకు ఇస్తామంటే తలూపి వెళ్లిపోతాడు. సాయంత్రం మళ్లీ అదే బస్సు, అవే మొహాలు.

సాక్షిని ఇలా తిప్పడం గురించి స్వరణ్ సింగ్ కేసులో 2000లో సుప్రీంకోర్టు గట్టిగానే రాసింది. కూర్చుని గ్లాసుడు మంచినీళ్లు తాగే చోటైనా ఉండదనీ, పొద్దంతా కాచుకుని కూర్చుంటే చివరికి వాయిదా పడిందంటారనీ. గుమాస్తాలకు అందులో తెలియని సంగతి ఏదీ లేదు. అంత పైకోర్టుకు కూడా తెలుసునా అని మాత్రం ఆశ్చర్యపోయాం.

ఇలా తిరిగి తిరిగి ఒకనాడు బోనెక్కుతాడు. ప్రమాణం చేయిస్తాను. సంఘటన చూశావా అని ప్రాసిక్యూటర్ అడుగుతారు. “ఆ రోజు నేను ఊళ్లో లేనండి.” పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపిస్తారు. “నన్ను పోలీసులు అసలు అడగనే లేదండి.” అతని తరవాత పంచనామా మీద సంతకం పెట్టిన మధ్యవర్తి వస్తాడు. “సంతకం నాదేనండి, తెల్లకాగితం మీద పెట్టించుకున్నారండి.” మా కోర్టు భాషలో ఇద్దరూ హోస్టైల్, అంటే ఎదురు తిరిగినవాళ్లు. స్టెనో టైపు చేసింది తెలుగులో చదివి వినిపిస్తే నిశాని వేసి దిగిపోతారు. దేవుడి పేరు తలుచుకుని అబద్ధం చెప్పి దిగే మనిషి మొహంలో పాపభయం కోసం నేను చాలాసార్లు వెతికాను. పని అయిపోయిందన్న ఊరటే కనిపించేది.

కేసు కొట్టేసిన రోజున వరండాలో అందరూ ఒకటే మాట అంటారు: జనంలో నీతి పోయింది సార్, దేవుడంటే భయం లేదు, సత్యానికి విలువ లేదు. నాకు ఆ మాటతోనే పేచీ.

పోతన భాగవతంలో బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన పద్యం తెలుగునాట పెళ్లిళ్లలోనూ రచ్చబండ మీదా నవ్వుతూ చదివేదే. ఎక్కడెక్కడ బొంకితే పాపం అంటదో అందులో ఒక పట్టీ ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, సొత్తు పోయేటప్పుడు, పరువు పోయేటప్పుడు బొంకవచ్చునంటాడు గురువు. మా కోర్టులో ఎదురు తిరిగిన సాక్షికి ఈ మూడూ ఒకేసారి ముంచుకొస్తాయి. శుక్రుడి లెక్కన అతను నిర్దోషి. బలి ఆ సలహా తోసిపుచ్చాడు కదా అనవచ్చు. నిజమే, కానీ బలి దగ్గర ధారపోయడానికి మూడు లోకాలున్నాయి.

హరిశ్చంద్రుడి సంగతికి వద్దాం. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం తెలియని తెలుగు పల్లె ఉండదు. కాటి సీనులో గుర్రం జాషువా గారి పద్యాలు అందుకుంటే వన్స్‌మోర్ అని జనం ఊగిపోయేవారు. గుజరాత్‌లో కుర్రవాడైన గాంధీని పట్టి కుదిపిందీ హరిశ్చంద్ర నాటకమే. అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకు ఉండకూడదని ఆయన తనను తాను అడుక్కున్నారట. నాకు వచ్చే ప్రశ్న వేరు. ఆ సత్యానికి ఖరీదు కట్టిందెవరు? సంతలో అమ్ముడుపోయింది చంద్రమతి. పాము కరిచి పోయింది లోహితాస్యుడు. మీకు సమ్మతమేనా అని వాళ్లిద్దరినీ ఎవరూ అడగలేదు. వ్రతం రాజుగారిది, బాకీ మాత్రం ఇంటిల్లిపాదిదీ. చివర్లో దేవతలు దిగివచ్చి పోయినవన్నీ తిరిగి ఇస్తారు కాబట్టి జనం కళ్లు తుడుచుకుని హాయిగా ఇంటికి పోతారు. కోర్టులో చివరి సీనుకు దేవతలు రారు. నిజం చెప్పి ఊరికి పోయినవాణ్ణి మర్నాడు కూలికి పిలిచేవాళ్లుండరు. కౌలు పొలం ఇంకొకరి చేతికి పోతుంది. కుదిరిన సంబంధం ఏదో సాకుతో తప్పిపోతుంది. సాక్షి ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఆ ఖరీదు కడుతూనే ఉంటారు, కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి.

తాను ఒక్కడే నష్టపోతానంటే సత్యం చెప్పడం కష్టమే, అయినా దారి స్పష్టంగా ఉంటుంది. తన నిజానికి ఇంకొకరు బలి కావాల్సి వచ్చినప్పుడే ధర్మసంకటం మొదలవుతుంది. హంతకుడు తలుపు తట్టి నీ ఇంట్లో దాక్కున్న స్నేహితుడు ఎక్కడని అడిగినా అబద్ధమాడరాదని కాంట్ అనే జర్మన్ తత్వవేత్త 1797లో వ్యాసం రాశాడు. భారతం కర్ణపర్వంలో కౌశికుడనే తాపసి అచ్చంగా అలాగే నడుచుకున్నాడు. దొంగలు వచ్చి అడిగితే, పారిపోయినవాళ్లు ఏ వైపు వెళ్లారో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాళ్లు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. ఆ కథ చెప్పి, ఆడిన మాట కోసం అన్నను చంపబోయిన అర్జునుణ్ణి ఆపింది కృష్ణుడు. కాంట్‌కూ కృష్ణుడికీ మధ్య ఎంచుకోమంటే నేను కృష్ణుడి వైపే. అయినా ఇద్దరూ ఒక ప్రశ్న అడగలేదు. కత్తి పట్టుకుని మనిషి ఇంటింటి తలుపూ తడుతూ తిరుగుతుంటే ఆ రాజ్యంలో రాజు ఏం చేస్తున్నాడు?

మంత్రిగారూ, నా ప్రశ్న అదే. రెండు వేల ఏళ్లుగా మనం సత్యాన్ని చెప్పేవాడి గుణంగానే చూస్తూ వచ్చాం. చెబితే మహానుభావుడు, చెప్పకపోతే నీచుడు. చెప్పించుకునేవాళ్లకు కూడా ఒక బాధ్యత ఉందన్న మాట మన నీతిశాస్త్రాల్లో నాకు పెద్దగా కనబడలేదు.

కాణిపాకం సంగతి మీరు వినే ఉంటారు. చిత్తూరు జిల్లాలో వరసిద్ధి వినాయకుడి గుడి, సత్యప్రమాణాలకు పేరు. రాజకీయ నాయకులు సైతం ఒకరిమీద ఒకరు నిందలు వేసుకున్నప్పుడు, “కాణిపాకంలో ప్రమాణం చేస్తావా” అని సవాళ్లు విసురుకుంటారు. కోర్టులో తొణక్కుండా అబద్ధం చెప్పినవాడు కూడా కాణిపాకం పోదాం పద అంటే నీళ్లు నములుతాడు. భక్తి మహిమ అంటారు పెద్దలు. ఉండవచ్చు. నాకు ఇంకో తేడా కనిపిస్తుంది. కాణిపాకంలో ప్రమాణం చెయ్యాల్సినవాడు అనుమానం మోస్తున్నవాడు. కోర్టులో ముద్దాయి తానుగా డిఫెన్సు సాక్షిగా బోనెక్కితే తప్ప అతని చేత ప్రమాణం చేయించడానికి వీల్లేదు. తనకు వ్యతిరేకంగా తననే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణం అంటోంది. ఆ రక్షణ ఉండి తీరాలి, నేను దాని జోలికి పోను. కానీ ఫలితం చూడండి. ప్రమాణం బరువంతా దారిన పోతూ చూసినవాడి నెత్తిన పడింది. ముద్దాయికి రాజ్యాంగం అండ, పోలీసుకు యూనిఫారం అండ, జడ్జిగారికి కుర్చీ అండ. ఆ హాల్లో ఏ అండా లేకుండా నిలబడ్డ ఒకే ఒక్క మనిషిని పట్టుకుని, నువ్వు సత్యసంధుడిగా ఉండు అంటున్నాం.

ప్రమాణం సత్తా ఎంతో చట్టం రాసినవాళ్లకూ తెలుసు. పన్నెండేళ్ల లోపు పిల్లకు ప్రమాణమంటే ఏమిటో అర్థం కాకపోయినా, నిజం చెప్పాలన్న తెలివి ఉంటే ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చని ఆ 1969 చట్టంలోనే ఉంది. ప్రమాణం చేయించడం తప్పిపోయినా సాక్ష్యం చెల్లకుండా పోదని మరో సెక్షన్. నిజం ఆ వాక్యం మీద ఆధారపడి లేదని చట్టమే ఒప్పేసుకుంది.

దేవుడి ప్రమేయం లేకుండా సత్యాన్ని నిలబెట్టే ప్రయత్నం తెలుగు నేల మీద జరిగింది. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, వృక్షశాస్త్రం చెప్పే కాలేజీ ఉపాధ్యాయుడు. దేవుడు లేడన్నందుకు ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. తరవాత సేవాగ్రామంలో గాంధీగారితో కూర్చుని దేవుడి గురించి వాదించారు. దేవుడే సత్యం అన్న తన మాటను తిరగేసి సత్యమే దేవుడని గాంధీగారు 1931లోనే చెప్పి ఉన్నారు గనక ఇద్దరికీ మాట్లాడుకునే చోటు దొరికింది. గోరా గారు కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి చెయ్యాలనుకున్నప్పుడు, పెళ్లి తన ఆశ్రమంలోనే జరిపిస్తానన్నారు గాంధీగారు. పెళ్లి తంతులో దేవుడి పేరు వచ్చేచోట సత్యం అని చెప్పించడానికీ ఒప్పుకున్నారు. 1948 మార్చి 13న సేవాగ్రామంలో ఆ పెళ్లి అయింది. అప్పటికి గాంధీగారు లేరు.

ఈ కథ చెప్పేవాళ్లు దేవుడి బదులు సత్యం అన్న మార్పు దగ్గరే ఆగిపోతారు. నాకు ఆ పెళ్లి జరిగిన చోటు ముఖ్యం. లోకానికి కంటగింపైన మాట ఇద్దరు పిల్లలు ఇచ్చిపుచ్చుకుంటుంటే వాళ్ల వెనక ఒక ఆశ్రమం నిలబడింది. ఊరు వెలేసినా తిండికీ నీడకూ లోటు ఉండదన్న ధైర్యం వాళ్లకు ముందే దక్కింది. గోరా గారి కొడుకు లవణం, కోడలు హేమలత పుట్టు నేరస్తులని ముద్ర వేయించుకున్న స్టువర్టుపురం వాళ్ల మధ్య పనిచేసినప్పుడూ అంతే. (హేమలత గారు, ఆ కాటి సీను పద్యాల జాషువా గారి కూతురే.) దొంగతనం పాపమని ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు, మానినవాడు బతికే దారి వెతికారు. నీతికి ముందు వసతి ఏర్పాటు చేశారు.

అలాంటి దన్ను కోర్టు ఇవ్వగలదా అంటారేమో, ఒకసారి ఇచ్చింది. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. ముద్దాయిలతో కలిసి పట్నం బస్సెక్కే పని లేకుండా కోర్టే సాక్షుల దగ్గరికి వచ్చింది. తీర్పు వచ్చింది 2007 జులై 31న. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ తీర్పు మంచిచెడ్డలు నాలాంటి గుమాస్తా తేల్చేవి కావు. కూలికి పోతేగాని పొయ్యి వెలగని మనుషులు దాదాపు 16 ఏళ్ల తరవాత కూడా మాట మీద నిలబడ్డారన్నది మాత్రం కళ్ల ముందున్న సంగతి. వాళ్లంతా హరిశ్చంద్రులై పుట్టలేదు. వాళ్ల వెనక ఒక ఉద్యమం ఉంది, ఊళ్లో ఒక కోర్టు ఉంది.

అవి లేనిచోట ఏమవుతుందో వడోదరలో చూశాం. 2002 మార్చి 1న బెస్ట్ బేకరీలో 14 మంది హతమయ్యారు. 2003లో ముద్దాయిలు 21 మందినీ కోర్టు వదిలేసింది, ఎందుకంటే ముఖ్య సాక్షి జాహిరా షేక్‌తో సహా చాలామంది ఎదురు తిరిగారు. భయంతో అబద్ధం చెప్పానని ఆమె ఆ తరవాత అంది. 2004లో సుప్రీంకోర్టు కేసును మహారాష్ట్రకు మార్చి మళ్లీ విచారించమంది. అక్కడ ఆమె మళ్లీ మాట మార్చింది, 2006లో ఏడాది జైలు పడింది. పడాల్సిందే అనేవాళ్లతో నాకు వాదన లేదు. ఆమె మొదటిసారి బోనెక్కిన రోజున వెనక ప్రభుత్వం నిలబడి ఉంటే రెండో మాటకూ మూడో మాటకూ అవసరం వచ్చేదా అని అడుగుతున్నాను.

ఒక మాట ఒప్పుకోవాలి. అబద్ధం చెప్పిన సాక్షులందరూ భయంతోనే చెప్పారని నేను అనను. డబ్బు పుచ్చుకున్నవాళ్లున్నారు. మన కులపోడు కదా అని మింగేసినవాళ్లున్నారు. పెద్దమనుషులు రాజీ కుదిర్చాక ఇంకెందుకులే అన్నవాళ్లు మరీ ఎక్కువ. సమస్య ఏమిటంటే, ఈనాడు కోర్టుకు వాళ్లనూ భయపడ్డవాళ్లనూ విడదీసే దారి లేదు. అందరూ ఒకే బోనులో, ఒకే మాట చెప్పి దిగిపోతారు.

మీ చేతిలో పనిముట్టు లేకపోలేదు. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబరు 5న ఆమోదించి, పార్లమెంటు గానీ రాష్ట్రాలు గానీ చట్టం చేసేదాకా అదే చట్టమని చెప్పింది. జిల్లా జడ్జి అధ్యక్షుడిగా, జిల్లా పోలీసు అధికారి సభ్యుడిగా ప్రతి జిల్లాలో కమిటీ. సాక్షి గానీ, ఇంటివాళ్లు గానీ, దర్యాప్తు అధికారి గానీ దరఖాస్తు పెడితే ముప్పు ఎంతో విచారించి రక్షణ ఇవ్వాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ ఇలాంటి పథకం ప్రకటించాలంటోంది. ఇలాంటిది ఒకటి ఉందని దర్యాప్తు అధికారీ కోర్టూ సాక్షికి చెప్పాలని కూడా 2018 పథకంలోనే రాశారు. ఉద్యోగంలో నా ఆఖరి రోజుల్లో అది నా ముందు ఎవరూ ఏ సాక్షికీ చెప్పలేదు. సమన్లలో ఏముంటుందంటే, రాకపోతే వారెంటు పంపుతామని ఉంటుంది.

అందుకని నేను కోరే రెండో ప్రమాణం ఇది. సాక్షి తన వాక్యం చెప్పగానే, సర్కారు తరఫున కోర్టు అతని భాషలో తన వాక్యం చదవాలి: మిమ్మల్ని ఈ రోజే విచారించి పంపుతాం, మీ బత్తా ఈ పూటే చేతికి ఇస్తాం, మీరు చెప్పిన మాట వల్ల మీకు గానీ మీ ఇంటివాళ్లకు గానీ ముప్పు వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఈ కాగితంలో ఉంది, అందుకు మేం జవాబుదారీ. (సాక్షిని మీరు అని పిలవడం కూడా దీంతోనే మొదలవుతుంది. మా కోర్టుల్లో ఇప్పటికీ నువ్వే.) ఆ మాట తప్పితే ఏ అధికారి సమాధానం చెప్పాలో చట్టంలో రాయండి. సాక్షి మాట తప్పితే ఏడేళ్ల దాకా జైలని ఎప్పటి నుంచో రాసుకున్నాం కదా. రెండు వైపులా ప్రమాణం అయ్యాక కూడా డబ్బుకో కులానికో అబద్ధం చెప్పినవాణ్ణి ఆ సెక్షన్ కింద నిలబెట్టండి. అప్పుడు ఆ శిక్ష వేసే నైతిక హక్కు మనకు ఉంటుంది.

ప్రమాణాల చట్టం సవరించాలంటే పార్లమెంటుకు వెళ్లాలి, దానికి టైము పడుతుందని నాకూ తెలుసు. సాక్షి సమన్ల వెనక వైపు ఖాళీగానే ఉంటుంది. అక్కడ రక్షణ ఎలా అడగాలో, ఎవరిని అడగాలో, జిల్లా కోర్టు ఫోన్ నంబరుతో సహా సాక్షి భాషలో నాలుగు పంక్తులు అచ్చు వేయించమని రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాయండి. ముందు అదైనా ఈ ఏడాదిలో చేయించమని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత బెంచి క్లర్కు